కుక్కకొక టీకా, పద్యానికొక టీకా

ఆ.వె.
చిప్పు ముందు, సూది చేరును పిమ్మట
నెత్తురిచ్చి మూడు నెలలు నిలిచి
పురుగుమందు మింగి బోనులో నొదిగియు
సీమ జేరు సరుకు, చిట్టికుక్క

అవతారిక: కవి ఎవరో తెలియదు. శైలిని బట్టి హైదరాబాదులో ఫ్లాటు ఖాళీ చేసి, పెంపుడు కుక్కతో సహా లండన్‌లో కాపురం పెట్టబోతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయి ఉంటాడు. అనుభవించనివాడికి ఇంత క్లుప్తత రాదు.

ప్రతిపదార్థం: చిప్పు = చర్మం కింద పెట్టే 15 అంకెల మైక్రోచిప్పు; ముందు = అన్నిటికంటే ముందు; సూది = రేబిస్ ఇంజక్షను; పిమ్మట = ఆ తరువాతనే; చేరును = ఒంటికి చేరుతుంది; నెత్తురు + ఇచ్చి = పరీక్షకు రక్తమిచ్చి; మూడు నెలలు నిలిచి = ఇంటిపట్టునే ఉండి; పురుగుమందు = బద్దెపురుగును చంపే మాత్ర (పత్తిచేనుకు కొట్టేది కాదు, కంగారు పడవద్దు); మింగి = డాక్టరు ఎదుటనే మింగి; బోనులో = కొలత ప్రకారం చేసిన పెట్టెలో; ఒదిగియు = ఇమిడి ('యు' పాదపూరణం); చిట్టికుక్క = 30 కిలోల లాబ్రడార్ అయినా సరే, ముద్దుల కుక్క; సరుకు = సరుకుగా; సీమ = ఇంగ్లండును (రాయలసీమను కాదు); చేరు = చేరగలదు.

తాత్పర్యం: వరస తప్పని కుక్క లండన్ చేరుతుంది. వరస తప్పిన కుక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

విశేషాలు: పద్యానికి ఆయువుపట్టు 'ముందు', 'పిమ్మట' అనే రెండు మాటల్లో ఉంది. చిప్పు లేని కుక్కకు వేసిన రేబిస్ సూది బ్రిటన్ లెక్కలో వేయనట్టే. ఏ కుక్కకు వేశారో రుజువేమిటని వారి ప్రశ్న. ఏళ్ళ తరబడి తప్పకుండా సూదులు వేయించి, పుస్తకంలో స్టిక్కర్లు అంటించి దాచుకున్నవారికి ఈ మాట కటువుగా తోస్తుంది. అయినా చిప్పు పెట్టించాక మళ్ళీ సూది వేయించవలసిందే. రెండూ ఒకే రోజు, ఒకే డాక్టరు చేతి మీదుగా జరిగినా అభ్యంతరం లేదు, చిప్పు ముందైతే చాలు. సూది నాటికి కుక్కపిల్లకు 12 వారాలు నిండాలి.

ఇక్కడ 'సూది ముందు, చిప్పు చేరును పిమ్మట' అని ఒక పాఠాంతరం ఉంది. ఇది ఎక్కువగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ ప్రతులలో కనిపిస్తుంది. ఇది అపపాఠం. 'సూ'కూ 'చే'కూ స్వరమైత్రి లేదు గనుక యతిభంగం. ఛందస్సూ బ్రిటిష్ ప్రభుత్వమూ ఒకే మాట మీద నిలబడిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

'నెత్తురిచ్చి': సూది వేసిన 30 రోజులు దాటాక రక్తం తీసి, గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. 'మూడు నెలలు' లెక్క రక్తం తీసిన రోజు నుంచి మొదలవుతుంది, రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు. ఇది తెలియక అదనంగా ఆగేవారున్నారు. ఇంత ఎదురుచూపు దేనికంటే, రేబిస్ సోకిన కుక్క రక్తంలోనూ యాంటీబాడీలు కనిపించవచ్చు. అవి సూది వల్ల వచ్చాయా, జబ్బు వల్ల వచ్చాయా అన్నది కాలమే తేల్చాలి. సూది నుంచి విమానం దాకా మొత్తం నాలుగు నెలలు.

కవి ఇక్కడ విలపించలేదు, అది ఔచిత్యం. పూర్వం భారతదేశం నుంచి వెళ్ళిన కుక్క బ్రిటన్ గడ్డ మీద ఆరు నెలలు క్వారంటైన్‌లో గడపవలసి వచ్చేది. 2012 జనవరి నుంచి ఆ శిక్ష తప్పింది. పరాయి దేశపు బోనులో ఆరు నెలల కంటే సొంత సోఫా మీద మూడు నెలలు నయం కాదూ! మన వీధుల్లో రేబిస్ ఉంది, వారు 1922లోనే వదిలించుకున్నారు. వారి భయానికి అర్థముంది.

'పురుగుమందు': లండన్‌లో దిగడానికి 24 గంటల కంటే ముందు, 120 గంటల లోపు పట్టాలి. తేదీ, సమయం డాక్టరే రాయాలి. వేళ తప్పితే మందు పనిచేసినా కాగితం పనిచేయదు. ఆరోగ్య ధ్రువపత్రం ఇచ్చిన పది రోజుల్లోగా కుక్క అక్కడ దిగాలి. మన వైపు జంతు క్వారంటైన్ కార్యాలయం అనుమతి వేరు. ఆ క్యూల గురించి ఏ కవీ రాయలేదు, నేనూ రాయను.

'బోనులో': బోనుకూ లక్షణగ్రంథం ఉంది. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, నేల నుంచి ముందుకాలి మోచేతి వరకున్న ఎత్తులో సగం దానికి కలిపితే పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు వెడల్పు. నిలబడ్డప్పుడు తల తగలనంత ఎత్తు. పగ్ వంటి చప్పిడిముక్కు జాతులకు ఇంకాస్త పెద్దది కావాలి. మత్తుమందిచ్చి పడుకోబెట్టమని వాట్సాప్ వ్యాఖ్యాతలు అంటారు. ఆ మతం ఖండించదగినది. ఆకాశంలో ఊపిరి తేడా వస్తే చూసే దిక్కుండదు, పైగా మత్తులో ఉన్న కుక్కను విమానం వారు ఎక్కించుకోరు. బోనును నెల రోజుల ముందే ఇంటికి తెచ్చి, అందులోనే అన్నం పెట్టి అలవాటు చేయడం శిష్టాచారం.

'సరుకు': 'గా' ప్రత్యయం లోపించింది. అర్థం మాత్రం లోపించలేదు. దీన్ని రూపకాలంకారమని మురిసిపోయేవారున్నారు. కాదు, స్వభావోక్తి. విమానంలో బ్రిటన్ వెళ్ళే పెంపుడు కుక్క, యజమాని పక్కనా కాదు, లగేజీతోనూ కాదు, కార్గోగానే దిగాలి. మిరపకాయల బస్తాకు రాసినట్టే దానికీ ఎయిర్ వే బిల్లు రాస్తారు. హీత్రూలో దిగితే యానిమల్ రిసెప్షన్ సెంటర్‌లో చిప్పు చదివి, కాగితాలు చూసి గాని అప్పగించరు. యజమాని కూడా కుక్కకు ఐదు రోజులు అటూ ఇటూగా ప్రయాణించాలి. లేకపోతే అది పెంపుడు జంతువు లెక్కలోంచి వ్యాపారం లెక్కలోకి పోతుంది.

కొందరు పూర్వవ్యాఖ్యాతలు ఈ ఘట్టంలో స్వర్గద్వారం దగ్గర ధర్మరాజు, వెంట కుక్క అంటూ కన్నీళ్ళు పెడతారు. అప్రస్తుతం. అక్కడ కుక్క రూపంలో వచ్చినవాడు యమధర్మరాజు. వేషం మార్చి సరిహద్దుకు రావడం తప్పుడు డిక్లరేషన్ కిందికి వస్తుంది. లోకంలో దీనికి ఉదాహరణ: 2015లో సినీ నటులు జానీ డెప్, ఆంబర్ హర్డ్ దంపతులు పిస్టల్, బూ అనే రెండు బుల్లి కుక్కలను ప్రైవేటు జెట్‌లో ఆస్ట్రేలియాకు చెప్పకుండా తీసుకెళ్ళారు. అక్కడి వ్యవసాయ మంత్రి బార్నబీ జాయిస్ గడువు పెట్టి కుక్కలను వెనక్కి పంపించాడు. మరుసటి ఏడు హర్డ్ కోర్టులో తప్పు ఒప్పుకుంది. దంపతులిద్దరూ కెమెరా ముందు కూర్చుని క్షమాపణ చెప్పారు. అక్కడ ఇంద్రుడు దిగివచ్చి వరమివ్వలేదు.

ఫలశ్రుతి: ఆఫర్ లెటరు వచ్చిన రోజే కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి చిప్పు పెట్టించండి. మీ వీసా సంగతి తరువాత చూసుకోవచ్చు, దానికి అంతకాలం పట్టదు.