ఊరికే ఇస్తే ఏడుపెందుకు?

కలియుగంలో దాతలకు కాలం లేదు. నెట్‌స్కేప్ అనే కొత్త కంపెనీ 1994లో బ్రౌజర్ తయారుచేసి నాలుగు డబ్బులు చేసుకుంటుంటే, మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో పాటు ఊరికే పంచిపెట్టింది. అడగని వాళ్లక్కూడా ఇచ్చింది. ఇంత పుణ్యకార్యం మీద అమెరికా ప్రభుత్వం 1998లో కోర్టుకెక్కింది!

బ్రౌజర్ విండోస్‌లో విడదీయరాని భాగమని మైక్రోసాఫ్ట్ వాదించింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ దాన్ని తీసేసే ప్రోగ్రామ్ రాసుకుని మరీ సాక్ష్యానికొచ్చారు. చదువుకున్నవాళ్లకు భక్తి తక్కువ. కంపెనీ చట్టం మీరిందని 2001లో అప్పీలు కోర్టు కూడా ఒప్పుకుంది. అప్పటికే నెట్‌స్కేప్ ఏఓఎల్ కంపెనీ చేతికి చేరి కొన ఊపిరితో ఉంది. ఇక ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చిన 2001 నుంచి, 7 వచ్చిన 2006 దాకా దాత హాయిగా విశ్రాంతి తీసుకున్నాడు. వెనక తరిమేవాడు లేనప్పుడు పరుగెందుకు?

యూరప్ మరీ చాదస్తం. 2004లో 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, విండోస్‌తో పాటే ఊరికే వచ్చే మీడియా ప్లేయర్ లేకుండా కూడా విండోస్ అమ్మమంది. కంపెనీ శిరసావహించి అమ్మింది, అదే ధరకు. అప్పడం తీసేసిన భోజనానికి అప్పడమున్న భోజనంతో సమానంగా డబ్బు కట్టేవాడెవడు? దాదాపు ఎవరూ కొనలేదు. జనం ఆ ప్లేయర్‌నే కోరుకుంటున్నారనడానికి ఇంతకన్నా రుజువు కావాలా?

మన దేశంలో ఈ దానధర్మాలు ఫోన్లలోకి దిగాయి. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నీ కట్టగట్టి ఎక్కించాలని ఫోన్ కంపెనీలకు షరతు ఉండేది. 2022లో పోటీ కమిషన్ రూ. 1,337 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. దాతలది ఎప్పుడూ ఒకటే జవాబు: ‘నచ్చకపోతే వేరే యాప్ దించుకోండి, ఎవరాపారు?’

నిజమే, ఎవరూ ఆపలేదు. మరి ఐఫోన్ బ్రౌజర్‌లో ముందే తన సెర్చ్ ఉండాలని గూగుల్ 2022లో ఆపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు ఎందుకు కట్టినట్టు? నచ్చినవాళ్లు వాళ్లే వెతుక్కుని వచ్చేవాళ్లు కదా! ముందే ఎక్కి కూర్చున్నదాన్ని జనం మార్చరని మనకు తెలియకపోవచ్చు. ఆ బద్ధకానికి ఏడాది అద్దె ఎంతో దాతలకు పైసలతో సహా తెలుసు.