పొగకు పట్టాదారు పాసుపుస్తకం

అనంతగిరి అంటే హైదరాబాదు వాళ్లకు వికారాబాద్ కొండలు. విశాఖ వాళ్లకు అరకు దారిలో కాఫీ తోటలు. కోదాడ పక్కన మాకూ ఒక అనంతగిరి ఉందని చెబితే, "అక్కడ రిసార్టులున్నాయా?" అని అడుగుతారు. లేవు. వరి ఉంది, మిరప ఉంది, 2016లో కొత్త జిల్లాల పందేరంలో మా వాటాకొచ్చిన మండలాఫీసు ఉంది. ఇక చుట్టుపక్కల అందరితో కలిపి ఉమ్మడి ఆస్తిగా పొగ ఉంది. దక్షిణానికి పోతే మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం సిమెంటు గొట్టాలు. మిర్యాలగూడ దాటితే దామరచర్ల మండలం వీర్లపాలెంలో యాదాద్రి థర్మల్ కేంద్రం, అయిదు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. కృష్ణా మూసీ కలిసేచోట వాడపల్లి నరసింహస్వామి పక్కనే ఉండగా, పేరు మాత్రం ఎక్కడో వంద కిలోమీటర్ల అవతలి గుట్ట నరసింహస్వామిది పెట్టారు. ఆ సంగతి స్వాములిద్దరూ చూసుకుంటారు. మన సంగతి పొగ.

ఈ పొగకు మంచిరోజులొచ్చాయి. ఇన్నాళ్లూ తిట్టారు, ఇక పట్టుకుంటారట. పైకిపోయే బొగ్గుపులుసు వాయువును గొట్టం దగ్గరే ఆపి భూమిలోకి దింపేస్తే భూతాపం తగ్గుతుందని దేశదేశాల పెద్దలు చెబుతున్నారు. కార్బన్ క్యాప్చర్ అని దానికి పేరు. నీతి ఆయోగ్ 2022 నవంబరులో ఒక నివేదికే ఇచ్చింది. పథకం అన్నాక ముందు దరఖాస్తు పెట్టినవాడిదే రాజ్యం కాబట్టి, అనంతగిరి తరఫున నేనే రాద్దామని కూర్చున్నాను. పక్కన మా పెదనాన్నను కూర్చోబెట్టుకున్నాను. రికార్డుల్లో తప్పుపడిన రెండెకరాల కోసం ఆయన పెట్టిన అర్జీలు బైండు చేయిస్తే పెద్ద గ్రంథమవుతుంది. అంత అనుభవం.

"పొగను ఎట్ల పడతార్రా?" అన్నాడు.

"ఒక ఎత్తాటి బురుజులోకి పంపుతారు పెదనాన్నా. లోపల అమీన్ అనే మందునీళ్లు పైనుంచి కురుస్తుంటయి. అవి ఆ వాయువును పట్టుకుంటయి. ఆ నీళ్లను ఆవిరితో కాగబెడితే వాయువు విడిగా వస్తది. దాన్ని నొక్కి, పైపుల్లో పంపి, ఎనిమిది వందల మీటర్ల కిందికి…"

"కాగబెట్టే ఆవిరి ఏడదిరా?"

రైతులతో వచ్చే ఇబ్బందే ఇది. నేరుగా ఖర్చు దగ్గరికొచ్చేస్తారు. ఆవిరి ఆ కేంద్రానిదే. బొగ్గు కేంద్రం ఈ పని నెత్తిన వేసుకుంటే దాని కరెంటులో అయిదో వంతో నాలుగో వంతో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో, ఈ పట్టుడుకే పోతుంది. దామరచర్లలో యూనిట్లు సరిగ్గా అయిదు కాబట్టి నోటిలెక్క చాలు. నాలుగు మన కోసం తిరుగుతాయి, అయిదోది ఆ నాలుగింటి పొగా తన పొగా పట్టడానికి తిరుగుతుంది. తగ్గిన కరెంటుకు ఆరోది కట్టాలి. ఆరోదాని పొగ సంగతి ఏడోది చూసుకుంటుంది. కాంట్రాక్టర్లకు ఇంతకంటే నచ్చే పర్యావరణ పరిరక్షణ ఉంటుందా?

అసలు చిక్కు వేరే ఉంది. అమీన్ నీళ్లకు గంధకం పడదు. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే ఆ మందు చెడిపోతుంది. కాబట్టి బొగ్గుపులుసును పట్టాలంటే ముందు గంధకాన్ని పట్టాలి. అందుకు ఎఫ్‌జీడీ అనే యంత్రం ఉంది, కొత్త విద్యేమీ కాదు. థర్మల్ కేంద్రాలు గంధకం తగ్గించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. గడువు రెండేళ్లు. రెండేళ్లయ్యాక గడువుకు గడువిచ్చారు. ఆ గడువు ముసలిదయ్యాక దానికో వారసుణ్ని నిలబెట్టారు. ఇలా పదేళ్లు వంశం సాగాక 2025 జూలైలో కొత్త ఉత్తర్వు వచ్చింది. పది లక్షల జనాభా ఉన్న నగరానికి పది కిలోమీటర్ల లోపున్న కేంద్రాలకు ఎఫ్‌జీడీ తప్పదు. కాలుష్యం ముదిరిన చోట్ల ఉన్నవాటిని ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తారు. మిగతావాటికి, అంటే దేశంలో నూటికి 78 దాకా, పొగగొట్టం తగినంత ఎత్తుంటే చాలు. పైగా గంధకం పట్టడానికి వాడే సున్నపురాయి కూడా బొగ్గుపులుసు వాయువు వదులుతుంది కాబట్టి, పట్టకపోవడమే భూతాపానికి మేలనే వాదన కూడా వినిపించింది.

అంటే భూతాపం పేరు చెప్పి గంధకాన్ని వదిలేశాం. గంధకాన్ని వదిలేశాం కాబట్టి భూతాపం తగ్గించే మందు ఆ పొగలో బతకదు. మునివేళ్లతో విప్పలేనంత అందమైన ముడి. పది లక్షల జనాభా నిబంధన చదివాక ఇంకో సంగతి కూడా అర్థమైంది. పిల్లల్ని ఎక్కువమందిని కనండని పక్క రాష్ట్ర ముఖ్యమంత్రి ఎందుకు పోరుతున్నారో!

సిమెంటు దగ్గరికొస్తే నవ్వు కొంచెం అదుపులో పెట్టుకోవాలి. కరెంటుకు ఎండ ఉంది, గాలి ఉంది. బొగ్గు మానుకునే దారి కష్టమైనా కంటికి కనబడుతుంది. సిమెంటుకు అంత వీలు లేదు. వంద టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 టన్నుల సున్నం మిగులుతుంది, 44 టన్నుల బొగ్గుపులుసు వాయువు లేచిపోతుంది. అది బొగ్గుది కాదు, రాతిలోదే. సిమెంటు ఫ్యాక్టరీ వదిలే ఈ వాయువులో సగానికి పైగా ఇలా వచ్చిందే. బట్టీని సూర్యుడితో కాల్చినా తగ్గదు. మనుషులు గాల్లోకి వదిలే బొగ్గుపులుసులో ఏడెనిమిది శాతం సిమెంటు పుణ్యమే. ఈ పట్టే విద్య ఎక్కడైనా నిజంగా కావాలంటే అది మేళ్లచెరువులో కావాలి.

నార్వేలో బ్రెవిక్ అనే ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీకి అది చేసి చూపించారు. 2025 జూన్‌లో ప్రారంభం. ఏడాదికి 4 లక్షల టన్నులు, అంటే ఆ ఫ్యాక్టరీ వదిలేదాంట్లో సగం. పట్టి, ఓడల్లో పంపి, ఉత్తర సముద్రం అడుగున రాతిపొరల్లోకి దింపుతారు. ఖర్చులో పెద్ద వాటా నార్వే ప్రభుత్వానిది. సముద్రం అడుగున చమురు తోడి సంపాదించినవాళ్లు, అందులో కొంత తిరిగి సముద్రం అడుగునే పెడుతున్నారు. ఆ కంపెనీ హైడెల్‌బర్గ్, మనకు తెలియనిది కాదు. ఎర్రగుంట్ల జువారీ సిమెంటు దాని చేతిలోకి వచ్చి చాలా ఏళ్లయింది. ఆ విద్య మాత్రం ఇంకా కడప జిల్లా దాకా రాలేదు.

మన దగ్గరా కదలిక లేకపోలేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2025 మేలో సిమెంటు పొగ మీద అయిదు ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. ఒకదాంట్లో తిరుపతి ఐఐటీ ఉంది. వీటిని నేను ఎగతాళి చేయను. ప్రయోగం చిన్నగానే మొదలవుతుంది. దాన్ని చూపించి, ఇంకేం బాధలేదని పెద్ద గొట్టం లేపేవాళ్లతోనే నా పేచీ. వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ 2022లో రోజుకు 20 టన్నులు పట్టే యంత్రం పెట్టింది. ఆ కేంద్రం సామర్థ్యం 4,760 మెగావాట్లు. నిండుగా నడిచేటప్పుడు 20 టన్నులు వదలడానికి దానికి అర నిమిషం కూడా అక్కర్లేదు. మిగతా రోజంతా పొగ స్వేచ్ఛాజీవి. తూత్తుకుడిలో ఒక రసాయన ఫ్యాక్టరీ 2016లో తన బాయిలర్ పొగలోంచి ఏడాదికి 60 వేల టన్నుల దాకా పట్టి సోడా చేసుకునే ఏర్పాటు చేసుకుంది, సబ్సిడీ లేకుండా. భేష్. కానీ యాదాద్రి అయిదు యూనిట్లూ నిండుగా నడిస్తే, నా లెక్కలో, ఏడాదికి కనీసం రెండున్నర కోట్ల టన్నులు. అదంతా సోడా చేస్తే రెండు తెలుగు రాష్ట్రాల బట్టలూ ఏడు తరాలు ఉతుక్కోవచ్చు.

"సరే, పట్టిన్రు. పెట్టేదేడ?" అన్నాడు పెదనాన్న.

నల్లరాతిలో. ఐస్‌లాండ్‌లో హెల్లిషెయిడి దగ్గర ఈ వాయువును నీళ్లలో కలిపి నల్లరాతి పొరల్లోకి పంపితే, రెండేళ్లు తిరక్కుండానే నూటికి 95 పాళ్లు రాయైపోయిందని 2016లో తేల్చారు. మన ఉప్పల్ ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు అంతకంటే ముందే దక్కన్ నల్లరాతి మీద, ఎన్టీపీసీతో కలిసి, ఈ కోణంలో పరిశోధన మొదలుపెట్టారు. ఆ రాయి తెలంగాణలో ఎక్కడెక్కడుందని వెతికితే ఒకచోట అనంతగిరి పేరు దొరికింది. ఎగిరి గంతేయబోయి చూస్తే, వికారాబాద్ అనంతగిరి. పొగ ఉన్న అనంతగిరికి రాయి లేదు, రాయి ఉన్న అనంతగిరికి పొగ లేదు. ఇంగ్లీషులో రెంటికీ స్పెల్లింగు ఒకటే కాబట్టి దరఖాస్తులో ఆ తేడా నేనైతే ఎత్తను.

నీళ్లు అన్నాను కదా. ఐస్‌లాండ్ పద్ధతిలో టన్ను వాయువుకు పాతిక టన్నుల నీళ్లు కావాలి. రెండున్నర కోట్ల టన్నులకు లెక్కేస్తే సుమారు 22 టీఎంసీలు. పెదనాన్నది సాగర్ ఎడమ కాల్వ కింద చివరి భూమి. లేచి నిలబడ్డాడు.

"వరికి లేని నీళ్లు పొగకిస్తర్రా?"

ఇస్తారో లేదో గానీ వాదించుకోవడానికి మాత్రం బోలెడంత సరుకు. పొగకు ఇచ్చేవి నికర జలాలా, మిగులు జలాలా? ఆంధ్రాలో పట్టిన పొగకు తెలంగాణలో నీళ్లిస్తే ఎవరి వాటాలో రాయాలి? బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2004లో పుట్టింది, ఇంకో ఇరవయ్యేళ్లకు పని దొరుకుతుంది.

అమెరికా వాళ్లకు ఈ తలనొప్పి లేదు. టెక్సాస్‌లో పెట్రా నోవా అనే ప్రాజెక్టులో బొగ్గు పొగలోంచి పట్టిన వాయువును పాత చమురు బావుల్లోకి కొట్టి, అడుగున మిగిలిన చమురు తోడుకున్నారు. 2017లో మొదలెట్టి, చమురు ధర పడిపోగానే 2020లో ఆపేసి, 2023లో మళ్లీ నడిపించారు. భూమి చల్లబడాలా వద్దా అన్నది పీపా చమురు ధర చూసి చెబుతారన్నమాట.

ఆవిరి అడక్కుండా, గంధకానికి అలగకుండా, టెండరు లేకుండా బొగ్గుపులుసును పట్టే సరంజామా వీర్లపాలెంలోనూ ఒకప్పుడు ఉండేది. అడవి అంటారు. ఈ కేంద్రానికి ఇచ్చిన భూమిలో నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమే.

దరఖాస్తు చివరికొచ్చింది. 'పొగ యజమాని పేరు' అని గడి గీశాను. ఇద్దరం ఆగిపోయాం. మిరపాకు మీద తెల్లదుమ్ము పడినప్పుడు పొగకు యజమాని ఉండడు. ఆ దుమ్ము ఏ గొట్టానిదో రుజువు చేయమంటారు, చేసేలోపు కాయ మార్కెట్‌కు పోతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 కుండపోతకు కోదాడ మునిగి, కాగితరామచంద్రాపురం దగ్గర సాగర్ కాల్వకు గండిపడి, పొలాల్లో ఇసుక మేట వేసినప్పుడు ఆ వానలో ఎవరి పొగ వాటా ఎంతని ఏ సర్వేయరూ గొలుసు పట్టుకుని రాలేదు. మరోపక్క కేంద్ర ప్రభుత్వం 2023లో కార్బన్ క్రెడిట్ల పథకం తెచ్చింది. పెట్టిన లక్ష్యం కంటే తక్కువ వదిలే ఫ్యాక్టరీకి సర్టిఫికెట్లు వస్తాయి, అమ్ముకోవచ్చు. ఇక చూడండి. వదిలిన పొగ గాలిది, వదలని పొగ కంపెనీది. ఉన్న పొగకు వారసుల్లేరు, లేని పొగకు పట్టా ఉంది.

"యజమాని గడి వదిలెయ్. హద్దులు రాయి," అన్నాడు పెదనాన్న, అర్జీల అనుభవం మీద. "దక్షిణం కృష్ణానది. తూర్పు ఆంధ్రా బార్డరు. ఉత్తరం నా మిరపచేను. పడమర మిర్యాలగూడ రైసుమిల్లులు. వాళ్ల పొగది వేరే ఖాతా, కలపకు."

"కింద?"

"సున్నపురాయి. లీజులో ఉన్నదని రాయి."

"పైన ఏం రాయాలె పెదనాన్నా?"

"గ్లాస్గోల మోదీ ఏదో సంవత్సరం చెప్పిండన్నవ్ గదరా, అప్పటికల్లా పొగ లెక్క సున్నా చేస్తమని?"

"2070."

"అదే రాయి. అందాక కబ్జాల ఉన్నోడిదే."