మేనల్లుని సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు కోలాచలము మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆ మహనీయునకు లభించినవి రఘువంశ మేఘసందేశములు. నాకు లభించినదో, అడవులదీవిలో మా మేడమీది గదినుండి నా మేనల్లుడు, క్రింద పడకకుర్చీలో నడుము వాల్చియున్న నాకు ఫోనులో పంపిన ఒక్క వాక్యము. కావున ప్రతిజ్ఞావిషయమున నాకు కొంత సడలింపు ఉండదగును.

మూలము: «మామయ్యా, బొమ్మకి రిగ్గింగైపోయింది, మొహం దొరకట్లేదు, చెరువు లైటు పట్రా.»

అవతారిక. అవతారమును గూర్చిన సూత్రమునకు అవతారిక తప్పదు గదా. ఈ చిరంజీవి డిగ్రీ ముగించి, ఉద్యోగపరీక్షలకు చదువుచున్నానని ఇంటివారిని నమ్మించుచు, రాత్రులయందు యూట్యూబులో ఆటలాడుచు మాటలాడు ప్రత్యక్షప్రసారము చేయ సంకల్పించి, నలుగురియెదుట ముఖము చూపుటకు బిడియపడి, తనకు మారుగా తెరపై నిలిచి, తాను రెప్పలార్చిన తానును ఆర్చి, తాను నోరు తెరచిన తానును తెరచు ఒక చిత్రప్రతిమను స్వయముగా నిర్మించుకొనెను. ఇట్టివారిని లోకము వీట్యూబరు లనును. 2016 సంవత్సరాంతమున జపానులో కిజునా ఆయ్ అను బొమ్మపిల్ల తన్ను తాను వర్చువల్ యూట్యూబరుగా చెప్పుకొనుచు వెలసిన పిమ్మట ఆ పేరు స్థిరపడెను. నిజిసాంజీ యను జపాను సంస్థ 2020లో మన దేశమునకై మూడు బొమ్మలను రంగమునకు దింపి, మరుసటి యేడే ఆ శాఖను మూసికొనెను. మావాడు దీనివలన నిరుత్సాహము చెందలేదు. ఫలితములు తనకు వ్యతిరేకముగ వచ్చుట వానికి అలవాటే.

మామయ్యా: సంబోధన. ఆకలి వేసినపుడును, డబ్బు కావలసినపుడును ప్రయోగింపబడును. శేషము సుగమము.

బొమ్మకి: బొమ్మ యన నిచ్చట కొలువులోని మట్టిబొమ్మ కాదు, తెనాలి శిల్పులు పోతపోయు నాయకుల కంచుబొమ్మయు కాదు, లైవ్‌టుడీ అను జపాను ఉపకరణముతో కదలింపబడు పటము. దాని నిర్మాణక్రమ మెట్లన, మొదట చిత్రమును పొరలు పొరలుగా గీయవలెను. ముంగురు లొక పొర, వెనుకజుట్టొక పొర. కనుబొమలు, రెప్పలు, కనుపాపలు, పైపెదవి, క్రిందిపెదవి, నోటిలోని చీకటి, ఇవన్నియు వేరువేరు. ఇందలి సూక్ష్మమేమనగా, కనబడు భాగము గీసిన చాలదు. తల ప్రక్కకు తిరిగినపుడు ముంగురులు తొలగి నుదురు బయటపడును గనుక, జుట్టుక్రింద దాగిన నుదురును, ఎవ్వరును చూడబోని చెంపను గూడ పూర్తిగా గీసి యుంచవలెను. ఈ మర్మ మెరుగక మావాడు గీసిన మొదటి బొమ్మ తల త్రిప్పగానే, దాని నుదుటిలోనుండి వెనుకనున్న గోడ కనబడెను. తోలుబొమ్మలవారును తలయు కాలుసేతులును వేరువేరుగా కోసి దారముతో కీళ్లు కూర్చుదురు. నాట్యమాడు బొమ్మకు కీళ్లెక్కువ. అయితే వారి బొమ్మ చాలవరకు ప్రక్కమొగముతోనే నిలుచును గనుక, కనబడని నుదురు గీయు శ్రమ వారికి లేదు. మావాని రెండవ బొమ్మకు నుదురు నిండుగనే యున్నది. మా మడ అడవుల కాలువలపై వ్రాలు లకుముకిపిట్ట రెక్కరంగు జుట్టు కూడ పెట్టినాడు. వాని స్వంతజుట్టు పలుచబడుచున్న సంగతి వ్యాఖ్యాతకు అప్రస్తుతము.

రిగ్గింగు: ఈ శబ్దము చెవిని బడినంతనే తెలుగుపాఠకుని మనస్సు పోలింగుబూతువైపు పరుగిడుట సహజము. ఆ యర్థమిచ్చట పొసగదు. మా పొరుగున నిజాంపట్నము రేవునకు 1611లో ఆంగ్లేయుల గ్లోబు నౌక వచ్చినపుడు దాని తెరచాపలను పట్టియుంచిన త్రాళ్ల యమరిక యేదో, అది యీ మాటకు ఓడలవారి యర్థము; బొమ్మకు కట్టిన కనబడని త్రాళ్లని లక్షణచే గ్రహించునది. ప్రతి పొరమీదను త్రికోణముల వల పరచి, వల లాగిన పొర వంగునట్లు చేసి, ఒక్కొక్క కదలికను ఒక్కొక్క సంఖ్యకు ముడివేయుదురు. తల కుడియెడమలకు తిరుగుట -30 మొదలు 30 వరకు, కన్ను మూసిన 0, తెరచిన 1, నోటికిని అంతే. శ్వాసకును ఒక సంఖ్య కలదు; అది 0 నుండి 1కి, 1 నుండి 0కి తనంతట తానే పోవుచు వచ్చుచుండును. ప్రాణాయామము పట్టువడుటకు నలువది యేండ్లు పట్టెనని మా తాతగారు చెప్పుచుండెడివారు. మావానికి మూడు వారములు పట్టినది, అందు రెండు కుడి కనుబొమకే.

అయిపోయింది: ఇది కర్త విశ్వాసము; వస్తుస్థితి వేరు. ఎడమచెవి తలతో గూడ తిరుగదు.

మొహం దొరకట్లేదు: ఇచ్చట పాఠాంతరము కలదు. మా అక్కగారి ఫోనునకు పొరబాటున చేరిన ప్రతిలో «మోహం దొరకట్లేదు» అని యున్నది. ఫోనే అట్లు దిద్దినదని లేఖకుని వాదము. వేదాంతులకు ఆ పాఠమే రుచించును. కాని మోహము దొరకనివాడు వరుసగా మూడు రాత్రులు కనుబొమ దిద్దుచు కూర్చుండడు గనుక దానిని త్రోసిపుచ్చితిమి. దొరకుట యనగా కెమెరాకు చిక్కుట. ఖరీదైన ఐఫోను కంటికి కనబడని చుక్కల వెలుగును ముఖముపై చల్లి, నాలుక చాచుట మొదలుకొని 52 కదలికలను చీకటిలోనైన కొలువగలదు. మావానిది సామాన్యమైన ఫోను; వెలుతురు వెనుకనుండి పడి ముఖము నీడబడెనా, దానికి మనుష్యుడే కనబడడు. అపుడు తెరమీది బొమ్మ ఊపిరి మాత్రము తీయుచు యోగివలె నిశ్చలమగును.

ఇచ్చట పూర్వపక్షము. ముఖము దాచుకొనుటకే బొమ్మను చేసికొన్నవానికి ముఖము దొరకలేదను చింత యేల? సిద్ధాంతము: బొమ్మకు నవ్వు నిచ్చునది లోపలి ముఖమే, అది నవ్వక యిది నవ్వదు. జపానువారు ఈ లోపలివానిని «నకనోహితో» అందురు. ఆ మాటకు లోపలి మనిషి యనియే యర్థము. వాని యసలు పేరెత్తుట అచ్చట అమర్యాద. మన సంప్రదాయము దీనికి విరుద్ధము. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభవారి నాటకములలో సత్యభామయై రంగమున నడచివచ్చినపుడు, ఆ చీరకుచ్చెళ్లలో నున్నది నరసింహారావేయని అందరికిని తెలియును. తెలిసియు సత్యభామనే చూచిరి, ఆ తెలియుటయే రసమునకు పాదు. 1956లో పద్మశ్రీ వచ్చినపుడు అది నరసింహారావునకే వచ్చెను. అందుచేత జపాను మర్యాద అడవులదీవిలో చెల్లదని నా నిశ్చితాభిప్రాయము. ముందునాటి పరీక్షాప్రసారము అయిదు నిమిషములు సాగకమునుపే, పొరుగింటి పిన్నిగారు పిట్టగోడమీదుగా «ఏరా, మొహం దాచావు గానీ గొంతు దాచలేదేం?» అని కేకవేసెను. ఆ కేకకు మావాడు ఫక్కున నవ్వెను. తెరమీది బొమ్మయు నవ్వెను. అంతవరకు అది అంత చక్కగా నవ్వియుండలేదు.

చెరువు లైటు: రొయ్యలచెరువు గట్టున రాత్రివేళ ఏరియేటర్లు తిరుగుచున్నవో లేవో చూచుటకు వాడు దీపము. తోలుబొమ్మలాటలో దీపము బొమ్మకు వెనుక నుండును, ఇచ్చట మనిషికి ముందుండును, భేద మింతే.

పట్రా: పట్టుకొని రమ్మనుట. మేనమామకు మేనల్లుడు విధించు విధి. దీనికి ప్రాయశ్చిత్తము శాస్త్రమున కానరాదు.

తాత్పర్యము. ఓ మేనమామా! నీవు లేచి మెట్లెక్కవలసియున్నది.

విశేషము. ఎక్కితిని. లైటు పట్టుకొని గంటన్నర నిలిచితిని. ముఖము దొరకినది. చూచినవారు 11 మంది; అందు ఏడుగురు మా వీధివారే, వానిని పేరుపెట్టియే పలుకరించిరి. ఎడమచెవి యింకను తిరుగుటలేదు.