లింకు డాక్యుమెంట్లు లేని మనిషి

గుంటూరు జిల్లాలో ఎకరం నల్లరేగడికి ఉన్నన్ని కాగితాలు దాన్ని దున్నే మనిషికి ఉండవు. పొలానికి దస్తావేజు ఉంటుంది. దానికి ముందు దస్తావేజు ఉంటుంది. ఆ ముందుదానికి తాతల నాటి స్టాంపు కాగితం ఉంటుంది. అడంగల్, వన్‌బీ, పట్టాదారు పాస్‌పుస్తకం, ఈసీ సరేసరి. తూర్పున ఎవరి గట్టో, పడమర ఏ డొంకో నాలుగు దిక్కులా రాసి ఉంటుంది. ఆ పొలంలో పత్తీ మిరపా పండిస్తూ ముసలివాడైన మా మామయ్యకి మాత్రం తను పుట్టినట్టు రుజువు లేదు. కళ్ళెదుట తిరుగుతున్నాడు కాబట్టి పుట్టే ఉంటాడని ఊరంతా నమ్మింది. అమెరికా నమ్మలేదు.

మామయ్యది పెదనందిపాడు పక్క పల్లె. కూతురు డల్లాస్‌లో స్థిరపడి, పౌరసత్వం రాగానే అమ్మానాన్నల పేరిట ఐ-130 పిటిషన్ దాఖలు చేసింది. ఇరవై ఒకటి నిండిన పౌరులు తల్లిదండ్రుల్ని పిలిపించుకుంటానంటే ఏడాదికి ఇంతమందే అన్న పరిమితి ఉండదు. పరిమితి అంతా అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ. ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి 65 వేల వీసాలు, ఏ దేశానికీ 7 శాతం దాటకూడదు. అందుకే 2025లో మన దేశంలో పిలుపు అందుకున్నవాళ్ళు 2006లో దరఖాస్తు పెట్టినవాళ్ళు. బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒకాయనకి అక్క దరఖాస్తు పెట్టేనాటికి ఆయన కొడుకు నిక్కర్లు వేసుకుని రిక్షాలో బడికి వెళ్ళేవాడు. ఇప్పుడా కొడుక్కి బట్టతల వచ్చింది. ఇరవై ఒకటి దాటిన పిల్లలు లెక్కలోంచి జారిపోతారు కాబట్టి, తండ్రి అమెరికా వెళ్ళాక కొడుకు కోసం మళ్ళీ ఇంకో దరఖాస్తు పెట్టాలి. అప్పటికి మనవడికి బట్టతల వస్తుంది.

గుంటూరుకి అమెరికాతో చుట్టరికం కొత్తదేం కాదు. ముందు వచ్చింది వాళ్ళే. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో దిగితే కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆదరించాడు. 1883లో అన్నా కుగ్లర్ వచ్చి వైద్యం చేసింది. ఆమె పేరిట ఆసుపత్రి వెలిసింది. వాళ్ళలో ఎవరినీ మనవాళ్ళు ‘మీ నాన్న మీ నాన్నేనని ఇద్దరు పెద్దల చేత రాయించుకురా’ అనలేదు. గుంటూరు మెడికల్ కాలేజీ మొదలైన 1946లోనే అమెరికా కాస్త మనసు చేసుకుని, ఏడాదికి వంద మంది భారతీయులు వచ్చి ఉండవచ్చంది. 1965లో ఆ కోటా పద్ధతి పోయాక మన డాక్టర్లు బయల్దేరారు, వెనకాల ఇంజనీర్లు, వాళ్ళ వెనకాల మా మామయ్యలాంటి వాళ్ళు.

పిటిషన్ మంజూరయ్యాక వ్యవహారం న్యూహాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటరుకి చేరుతుంది. వాళ్ళు మొదట అడిగింది డబ్బు. తలా 325 డాలర్లు వీసా దరఖాస్తుకి, 120 డాలర్లు పోషణ పత్రానికి. 1921-22లో తెల్లదొరకి పన్ను కట్టేది లేదని పర్వతనేని వీరయ్య చౌదరి వెనక నిలబడ్డ ఫిర్కా మాది. మామయ్య తాతగారి గొడ్లని కూడా జప్తుకి తోలుకుపోయారట. ఆ తాత మనవడు, పరాయి సర్కారుకి డాలర్లలో శిస్తు కట్టి రసీదు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత అడిగింది పుట్టినరోజు పత్రం. మన దేశంలో జననాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకుముందు పల్లెల్లో మునసబు రాస్తే రాసినట్టు, మరిచిపోతే పుట్టనట్టు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు రద్దు చేసింది. వాళ్ళ అటకల మీది కట్టలు ఏమయ్యాయో చెదలకే తెలియాలి. అమెరికా వాళ్ళు దీనికీ దారి చూపించారు. రికార్డు లేకపోతే లేదని రికార్డు తెమ్మన్నారు. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానికోసం వెళితే గుమాస్తా ఏ తేదీ రికార్డు వెతకాలో చెప్పమన్నాడు. “ఆ తేదీ తెలీకే గదయ్యా మీ దగ్గరికొచ్చింది!” అన్నాడు మామయ్య.

బడి రికార్డులో తేదీ ఉంది. 1-7-1954. మా ప్రాంతంలో ఒక తరం మగాళ్ళంతా జూలై ఒకటినే పుట్టారు. బడిలో వేసేటప్పుడు హెడ్మాస్టరు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, అయిదేళ్ళు నిండేట్టు వెనక్కి లెక్కగట్టి ఆ తేదీ వేసేవాడు. లేని పత్రానికి తోడుగా, పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు కావాలి. ఎరిగినవాళ్ళలో మిగిలింది మామయ్య పెద్దక్క. ఆవిడకి తమ్ముడి పుట్టుక నిన్నటి సంగతి. “నెహ్రూ వచ్చి సాగరుకి రాయి వేసిన నెలరా. కార్తీకం వెళ్ళిపోతోంది. పొగాకు తోటలో పనున్నా మా అమ్మని వదిలి ఎవరూ కదల్లేదు” అంది. నాగార్జునసాగర్ శంకుస్థాపన 1955 డిసెంబరు 10న. ఆ ఏడు కార్తీకమాసం నిజంగానే ఆ వారంలో ముగిసింది. అంటే ఆవిడ మాట పంచాంగంతో సరిపోయింది, పాస్‌పోర్టుతో సరిపోలేదు.

నోటరీ దగ్గర ఆవిడ భీష్మించుకు కూర్చుంది. “జూలైలో పుట్టాడని నేనెట్టా చెప్పేది? జూలైకి మిరప నారన్నా పొయ్యరు!” అని. చివరికి నోటరీయే తెలివిగా ‘పాఠశాల రికార్డుల ప్రకారం’ అని చేర్చాడు. ఆ మూడు మాటల మీద నెహ్రూకీ హెడ్మాస్టరుకీ రాజీ కుదిరింది. పెద్దక్క వేలిముద్ర వేసి, “రికార్డు ప్రకారం ఎప్పుడన్నా పుట్టనీ, నా ప్రకారం మాత్రం కార్తీకం” అని కండువాతో తన వేలు తుడవబోయిన తమ్ముడి చెయ్యి పక్కకి నెట్టింది.

పుట్టుక తేలాక పెళ్ళి. వీళ్ళ పెళ్ళి దివిసీమ తుపాను తర్వాతి వేసవిలో, అంటే 1978లో జరిగింది. అగ్నిసాక్షిగానే జరిగింది గానీ అగ్నిహోత్రుడు సంతకం పెట్టడు. కాబట్టి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నమోదు చేయించాలి. శుభలేఖ, పెళ్ళి ఫోటో, ముగ్గురు సాక్షులు కావాలి. శుభలేఖ బీరువాలో పట్టుచీర మడతలో దొరికింది. ఫోటోలో వరుడి మొహం మీదికి సరిగ్గా తలంబ్రాలు పడుతున్నాయి. చేతులు అడ్డం పెట్టుకున్న ఆ మనిషి ఎవరైనా కావచ్చు.

అసలు కష్టం సాక్షులతో వచ్చింది. పురోహితుడు పోయాడు. సన్నాయి ఊదినాయన పోయాడు. తోడిపెళ్ళికూతురు షికాగోలో మనవల్ని పెంచుతోంది. పెళ్ళి చూసినవాళ్ళలో సగం మంది పైలోకంలో, సగం మంది అమెరికాలో ఉన్నారు. రెండో చోటి వాళ్ళని రప్పించడం కూడా కష్టమే. వెతగ్గా వెతగ్గా ఇద్దరు దొరికారు. మూడో ఆయన అత్తయ్యకి బాబాయి వరస. పెళ్ళి గురించి ఆయనకి అన్నీ గుర్తున్నాయి, ముఖ్యంగా ఒకటి.

“నాకు గారెలు అందలా” అన్నాడు.

“ఏంటి బాబాయ్?”

“మీ పెళ్ళిలో నా బంతికొచ్చేసరికి గారెలు అయిపోయినయ్యన్నారు. గారెలు తిననివాణ్ణి, పెళ్ళి చూశానని ఎట్టా సంతకం పెట్టను?”

దాదాపు అర్ధశతాబ్దంగా ఆ మనిషి ఈ ముక్క అనడానికి అదను కోసం చూస్తున్నాడు. అదను అమెరికా ఇచ్చింది. అత్తయ్య ఆ రాత్రే మినప్పప్పు నానబోసింది. మర్నాడు అల్లం పచ్చడితో గారెలు ఆయన విస్తట్లో పడ్డాయి. మొదటి వాయి తిని “ఇప్పుడయ్యిందమ్మా నీ పెళ్ళి” అన్నాడు. రెండో వాయి తిని పెన్ను అడిగాడు.

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో దండలు పట్టుకున్న కుర్ర జంటలు, వాళ్ళ స్నేహితులు, వీధి మొగ దగ్గర ఎవరి పెద్దవాళ్ళు వస్తారోనని కాపలా. వాళ్ళ మధ్య మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య, మామయ్య. ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, “పెద్దవాళ్ళు ఒప్పుకుని దగ్గరుండి చేయిస్తున్నారా అన్నా? అదృష్టవంతులు. పెళ్ళికూతురేదీ?” అన్నాడు. అత్తయ్యని చూపించాను. ఆ కుర్రాడు ఒక్క క్షణం ఆగి, “ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదా వాళ్ళవాళ్ళు!” అన్నాడు, కళ్ళల్లో ఎంతో గౌరవంతో.

డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపడం నా వంతు. బడి రికార్డులో మామయ్య పేరు చివర ‘అయ్య’, పాస్‌పుస్తకంలో ‘రావు’, ఓటరు కార్డులో ఎవరో మర్యాదస్థుడు ‘గారు’ కూడా చేర్చాడు. ఈ ముగ్గురూ ఒక్కరేనని ఇంకో అఫిడవిట్. పదహారో ఏటి నుంచి నివసించిన చిరునామాలన్నీ ఇమ్మంటే ఒక్క పంక్తితో అయిపోయింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

“పేలుడు పదార్థాలు, రసాయనాల్లాంటి వాటిలో మీకు ప్రత్యేక అనుభవం ఉందా?” అని చదివాను.

“పత్తి వేసినోణ్ణి పట్టుకుని అడిగే మాటేనా అది?” అన్నాడు మామయ్య. ఎండోసల్ఫాన్‌తో మొదలుపెట్టి, మోనోక్రోటోఫాస్ మీదుగా వస్తున్నాడు. నేను గబగబా ‘లేదు’ నొక్కాను.

“అమెరికాలో గూఢచర్యం చేసే ఉద్దేశం ఉందా?”

“అల్లుడు వంటింట్లో ఏం చేస్తున్నాడో చూసొచ్చి చెప్పమంది మీ అత్తయ్య. అది కూడా రాయాలా?”

“బహుభార్యత్వం ఆచరించడానికి వెళుతున్నారా?” ఇది ఇద్దర్నీ అడగాలి. మామయ్య అత్తయ్య వంక చూశాడు. అత్తయ్య వత్తులు చేసుకుంటూ తలెత్తకుండా, “ఆయన్ని ఇంకొకత్తి భరిస్తానంటే టికెట్టు నేనే కొనిస్తా. లేదనే రాయి నాయనా” అంది.

పోలీసు క్లియరెన్సు కోసం విజయవాడ వెళ్ళాం. అప్పుడు గానీ మామయ్యకి ఈ గొడవంతా బుర్రకెక్కలేదు. తిరిగి వస్తూ కారులో, “అయితే ఇది ఈసీ అన్నమాట” అన్నాడు. పొలం మీద తాకట్లు లేవని ఈసీ, మనిషి మీద కేసుల్లేవని ఇది. పుట్టినరోజు పత్రం మూలదస్తావేజు, పెళ్ళి పత్రం లింకు డాక్యుమెంటు, పేర్ల అఫిడవిట్ సవరణ దస్తావేజు. “ముందే ఆ మాట చెప్పుంటే ఇంత విసుక్కునేవాణ్ణి కాదుగదరా. కొనేవాడు కాగితాలు చూసుకోడూ?” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన అమెరికాని ఒక్క మాట అనలేదు. మంచి బేరగాడన్నాడు.

పోషణ పత్రం ఐ-864 దగ్గర మాత్రం పౌరుషం వచ్చింది. పిలిపించుకునేవాళ్ళ ఆదాయం అక్కడి దారిద్ర్య ప్రమాణానికి 125 శాతమన్నా ఉండాలి, వచ్చినవాళ్ళు సర్కారుకి భారం కాకుండా చూస్తానని సంతకం పెట్టాలి. “నన్ను పోషిస్తానని నా కూతురు అమెరికాకి ప్రోనోటు రాసిచ్చిందా?” అన్నాడు. అవునన్నాను. “ప్రోనోటయితే మూడేళ్ళకి తిరగరాయాలి, లేకపోతే కాలదోషం” అన్నాడు ఆశగా. దీనికి అట్లా లేదు. వచ్చినవాళ్ళు పౌరులయ్యేదాకానో, పదేళ్ళ పనికి సరిపడా నలభై క్వార్టర్లు వాళ్ళ ఖాతాలో పడేదాకానో, దేశం వదిలి వెళ్ళిపోయేదాకానో, లోకం వదిలేదాకానో నడుస్తుంది. ఇంత కట్టుదిట్టమైన నోటు గుంటూరులో ఏ వడ్డీ వ్యాపారీ రాయించుకోలేదని మామయ్య ఒప్పుకున్నాడు.

మిగతావి తొందరగానే అయిపోయాయి. రెండంగుళాల చదరం ఫోటోకి కళ్ళజోడు తీయమన్నారు. టీకాలు వేశారు. ఛాతీ ఎక్స్‌రే గదిలో మామయ్య “ఈ దగ్గు మిరపకాయలది, నాది కాదు” అని డాక్టరుకి ముందే విన్నవించుకున్నాడు. ఇంటర్వ్యూ ముంబైలో జరిగింది. సంచీలో పొలం కాగితాలు కూడా పెట్టుకెళ్ళాడు, ఎందుకన్నా మంచిదని. అధికారి మాత్రం కూతురు ఏ ఊళ్ళో ఉంటుందో అడిగి, నాలుగు కాగితాలు తిరగేసి, మంజూరైందన్నాడు. మామయ్యకి అవమానమైంది. గారెల సాక్షి సంతకం వైపు ఆ అధికారి కన్నెత్తి చూడలేదట.

గ్రీన్‌కార్డు వచ్చాక, ముందస్తు అనుమతి లేకుండా ఏడాది దాటి బయట ఉంటే హక్కుకే ముప్పని తెలిసింది. “అయితే పట్టా కాదు, కౌలే” అని తేల్చేశాడు. అందుకని వేసవి డల్లాస్‌లో, మిరప కోతలకి ఊళ్ళో. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అరుగు ఖాళీ ఉండదు. చుట్టుపక్కల పల్లెల నుంచి ప్లాస్టిక్ ఫోల్డర్లు పట్టుకుని తల్లిదండ్రులు వస్తారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కో కాగితం లాయరులా వెలుతురుకి పట్టి చూస్తాడు. పిల్లలు ఇంకా పిటిషన్ కూడా వేయనివాళ్ళు వచ్చి, మేం ఇప్పట్నుంచే ఏం సిద్ధం చేసుకోవాలని అడిగితే మాత్రం ఒకటే సలహా.

“కాగితాల సంగతి తర్వాత. ముందు మీ పెళ్ళికొచ్చినోళ్ళకి బీపీ మాత్రలు కొనిపెట్టండి.”