నువ్వు చూశావా?

శాంతి మీద ఎమ్మే ఏమిటి, ఆ పైన దానికో కంప్యూటరేమిటి అని మా మనవరాలితో మూడేళ్ళుగా కొట్లాడుతూనే ఉన్నాను. మా రోజుల్లో ఇలాంటి చదువొకటి ఉందని ఎవరూ చెప్పలేదు. ఉందట. నార్వేలో యోహాన్ గాల్టుంగ్ అనే ఆయన 1959లోనే ఓస్లోలో దీనికోసం ఒక పరిశోధన సంస్థ పెట్టాడట. కత్తులు ఆగితే చాలదు, కత్తి పట్టించిన అన్యాయం కూడా పోవాలి, అప్పుడే అసలైన శాంతి అన్నాడట. పిల్ల కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా ముందు నిలబడి 80 ఎకరాలు అడిగిన దళితవాడ జనానికి ఈ సంగతి ఏ గాల్టుంగ్ చెప్పాడమ్మా అన్నాను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నాడు. నాకప్పుడు ఆరేళ్ళు, మా నాన్న భుజాల మీదున్నాను. నాకు కనబడినవి తలపాగాలే అనుకోండి. "ఆ భూదానం నేలల్లో ఎన్ని పేదల చేతికొచ్చాయి తాతా? మేం చదివేది అదే" అంది. మజ్జిగ తెమ్మని మాట మార్చాను.

నా చదువు వేరే బడిలో. 1990 డిసెంబరు, హైదరాబాదు పాతబస్తీ, మతకల్లోలం, కర్ఫ్యూ. రెండు వైపుల పిల్లలకూ ఎక్కాలు చెప్పిన లెక్కల మాస్టర్నని నన్ను అమన్ కమిటీలో, అంటే శాంతి సంఘంలో, వేశారు. ఓ పొద్దున పాలల్లో విషం కలిపారని బస్తీ అంతా గుప్పుమంది. పాసులు జేబులో పెట్టుకుని ముగ్గురం బయల్దేరాం. నీకెవరు చెప్పారు? పక్కింటి ఖాలా. ఆమెకెవరు? షట్టరు సగం ఎత్తిన కిరాణా సేటు. అతనికి? అలా నాలుగో గుమ్మం ఎక్కితే, ఓ పిల్లాడికి వాంతులు. రాత్రి మిగిలిన మిరపకాయ బజ్జీలు నాలుగు మింగాడు. అంతే విషం! ఆ ఇంటి పాలతోనే చాయ్ పెట్టించుకుని వీధరుగు మీద కూచుని, అందరూ చూస్తుండగా తాగాం. పంచదార మరీ ఎక్కువ. మధ్యాహ్నానికి పుకారు చల్లారింది. అన్నీ అలా చల్లారలేదు. రెండు చోట్ల మేం చేరేసరికే అయిపోయింది. ఆ ఇళ్ళ ముందు నుంచి ఇప్పటికీ నడవను.

మా రోజుల్లో పుకారుకు కాళ్ళుండేవి. అది వచ్చిన దారినే మనమూ వెనక్కి నడిచి దాని గుమ్మం పట్టుకోవచ్చు. ఇప్పుడో? 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని ఫోన్లలో తిరిగితే, దారిన పోయే అమాయకుల్ని చావగొట్టారు. మొదట ఎవరన్నారంటే ఎవరి ఫోనూ చెప్పదు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను అయిదు చాట్లకు కట్టడి చేసింది. అయిదేనట! ఒక్కో చాటూ రెండొందల మంది గ్రూపైతే? లెక్కల మాస్టర్ని నన్నడగాల్సింది.

పిల్ల నవ్వి కెన్యా సంగతి చెప్పింది. అక్కడ తానా డెల్టాలో పోకోమో రైతులూ ఓర్మా పశువుల కాపరులూ 2012లో ఒకరి ఊళ్ళ మీద ఒకరు పడి చంపుకున్నారు. ఆ తర్వాత 'ఊనా హకీకా' అని ఓ ఏర్పాటు వచ్చింది. పుకారు చెవిన పడితే జనం ఫోన్లో మెసేజ్ పెట్టేవారు. ఆ ఊరి వలంటీర్లే వాకబు చేసేవారు, తేలిన నిజాన్ని తిరిగి పంపేవారు. స్వాహిలీలో ఆ పేరుకు అర్థం 'నీకు కచ్చితంగా తెలుసా?' అని. మేం 'తూనే దేఖా క్యా, నువ్వు చూశావా?' అంటూ గుమ్మం గుమ్మం తిరిగినప్పుడు దానికో పేరు పెట్టుకోవాలని మాకు తోచలేదు.

ఇప్పుడు పిల్ల నాకూ ఓ పని పెట్టింది. రెచ్చగొట్టే మాటలను గుర్తుపట్టడం యంత్రానికి నేర్పాలట. తెలుగు, దక్కనీ మెసేజీలు వరసగా వస్తాయి, ఒక్కోదానికీ 'ప్రమాదం' అనో 'కాదు' అనో గుర్తు పెట్టాలి. "ఈసారి పండక్కి వాళ్ళ గల్లీలోనే టపాసులు" అని ఒకటొచ్చింది. దోస్తులన్న మాటైతే సరదా. జెండా గొడవైన మర్నాడైతే నెత్తురు. ఎవరన్నారు, ఏ గల్లీ అని అడగనిదే ఎలా గుర్తు పెట్టేది? రెండు రోజులు వాదించాక మూడో గడి చేర్చింది: 'అడగాలి'.

నావి సగానికి పైగా ఆ గడిలోనే పడుతున్నాయట. అలాగైతే యంత్రం ఏం నేర్చుకుంటుంది తాతా అని విసుక్కుంటోంది. నేర్చుకోనీ. నా కళ్ళజోడు నంబరు మాత్రం మారింది.