షావీ గారికి మా ఊళ్లోనూ ఖాళీ లేదు

2025 జూలైలో వారం తిరక్కుండా ఢిల్లీలోని ఫుట్‌బాల్ సమాఖ్య వారి నుంచి రెండు ముక్కలు వినబడ్డాయి. మొదటిది: మన జాతీయ జట్టుకి కోచ్‌గా చేస్తానని స్పెయిన్ నుంచి షావీ హెర్నాండెజ్ దరఖాస్తు పెట్టుకున్నాడు, కానీ అంతటివాణ్ణి తెచ్చుకోవాలంటే బోలెడు డబ్బు కావాలి, మన వల్ల కాదు. రెండోది: ఆ దరఖాస్తు షావీది కాదు. దాంతోపాటు వచ్చిన పెప్ గార్డియోలా దరఖాస్తు కూడా గార్డియోలాది కాదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడెవడో సరదాకి పంపాడని పత్రికల్లో వచ్చింది.

నాకు ఒళ్లు మండింది రెండో ముక్కకి కాదు. దొంగ ఉత్తరాలు నమ్మి పెళ్లిళ్లు చేసినవాళ్లు, పొలాలు కొన్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. మండింది మొదటి ముక్కకి. రాసినవాడు ఎవడో కనుక్కోకముందే బేరం అయిపోయింది. అవతలివాడు ధర చెప్పలేదు, ఇవతలివాడు అడగలేదు, అయినా మనకి గిట్టదని తేల్చేశారు. కొనలేకపోవడంలో కూడా ఓ దర్జా ఉంటుందని నాకు ఆ వారమే తెలిసింది.

సరే, దేశానికి లేని మొహమాటం మండలానికెందుకని మేమూ ఓ ప్రకటన ఇచ్చాం. కొల్లిపర జట్టుకి మేనేజర్ కావలెను. జట్టు ఇంకా లేదు. అదేమంత అడ్డు కాదు. ముందు మేనేజరొస్తే జట్టు దానంతటదే మొలుస్తుందని ఢిల్లీ పద్ధతి. మైదానం ఉంది. మినుముల కాలంలో మినుములు, మొక్కజొన్న కాలంలో మొక్కజొన్న, పసుపు కాలంలో పసుపు అందులో ఆరుతుంటాయి. ఇది శ్రావణం గనక ప్రస్తుతానికి నీళ్లు ఆరుతున్నాయి.

సెలక్షన్ కమిటీ టీ కొట్టు బెంచీ మీద కొలువుదీరింది. అధ్యక్షులు రిటైరైన డ్రిల్లు మాస్టారు. కార్యదర్శి మా అన్నగారబ్బాయి; ఇంజనీరింగులో ఆరు బ్యాక్‌లాగులు, ఆర్సెనల్ జట్టు మీద ఇరవై నాలుగ్గంటల బెంగ. కోశాధికారి కొట్టు యజమాని. సభ్యులందరి బాకీ ఎలాగూ ఆయన పుస్తకంలోనే ఉంటుంది గనక వేరే ఆడిట్ అక్కర్లేదు. ఢిల్లీకి 170 దరఖాస్తులొచ్చాయన్నారు. మాకు 171 వచ్చాయి. పరువు సంగతి కదా, ఆ చివరిది మేమే రాసుకున్నాం.

"మాస్టారూ, పెప్ గార్డియోలా పెట్టాడండీ."

"ఎక్కడెక్కడ చేశాడు?"

"బార్సిలోనా, బాయెర్న్ మ్యూనిక్, మాంచెస్టర్ సిటీ."

"మూడూళ్లు మారాడా? నిలకడ లేని మనిషి. పక్కన పెట్టు."

తర్వాత మౌరిన్యో. గోలు ముందు బస్సు అడ్డం పెట్టినట్టు పదిమందిని నిలబెట్టడంలో దిట్ట అని కార్యదర్శి వివరించాడు. ఏ డిపో బస్సని మాస్టారు అడిగారు. మనకి దగ్గర తెనాలి డిపోయే కదా అన్నాడు వీడు. పొద్దున ఎనిమిదింటి బస్సు గోలు ముందు పెట్టేస్తే కాలేజీ పిల్లలు దేని మీద వెళ్తారని కోశాధికారి లేచాడు. ఆ దరఖాస్తు అక్కడితో సరి.

లూయిస్ ఎన్రికే కవరు తెరిచేసరికి బెంచీ కాస్త సర్దుకు కూచుంది. 2025 మే 31న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇంటర్ మిలాన్‌ని 5-0తో ఉతికి ఆరేసిన ప్యారిస్ జట్టు మేనేజరాయన. అందులో రెండు గోల్స్ కొట్టిన దెజిరే దువే అనే వింగర్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారని ఎవరో చెప్పారట, ప్యారిస్ నుంచి ప్యారిస్‌కి మ్యూచువల్ బదిలీ అడుగుతున్నాడు. మ్యూచువల్ అంటే ఇక్కణ్ణుంచి కూడా ఒకరు అక్కడికి వెళ్లాలి కదరా, ఎవరు వెళ్తారని మాస్టారు అడిగారు. బెంచీ మొత్తం చెయ్యెత్తింది. ఇంతమందిని పంపితే కమిటీకి కోరం ఉండదని ఆ ఫైలు వాయిదా వేశారు.

చివర్లో షావీ. "జీతం ఎంత అడిగాడ్రా?"

"ఏమీ అడగలేదండీ."

"అడగకపోయినా మన వల్ల కాదని రాసెయ్. ఊళ్లో వినిపించేలా రాయి."

మేనేజర్ సంగతి తేలకుండానే వింగర్ పంచాయితీ మొదలైంది. ఈ పాపం ఢిల్లీది కాదు, లండన్‌ది. చెల్సీలో ఆడిన నోని మడూకే అనే ఇరవై మూడేళ్ల వింగర్‌ని ఆ నెల్లోనే ఆర్సెనల్ కొనుక్కుంది. దాదాపు నాలుగు కోట్ల ఎనభై అయిదు లక్షల పౌన్లు. మన లెక్కలో ఐదొందల కోట్ల పైమాట. వాడు కొత్త చొక్కాలో బంతి ముట్టుకోకముందే వద్దు మొర్రో అని అభిమానులు సంతకాలు సేకరించారు. మా కార్యదర్శి కూడా కొల్లిపర నుంచి ఒకటి పడేశాడు. కుడివైపు ఆడే ఎడమకాలివాడు సాకా ఉండగా ఇంకో సాకు ఎందుకని వాడి వాదన. అవతలి కొసన కూచున్న చెల్సీ భక్తుడు, మా దగ్గర బ్రెజిల్ నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల ఎస్తెవావ్ ఉన్నాడు, మిగిలింది మీకు అమ్ముకున్నాం పొమ్మన్నాడు. ఆర్టెటా గొప్పా, గార్డియోలా గొప్పా, అసలు ఫెర్గూసన్ ముందు వీళ్లంతా పిల్లకాయలా అన్న దాని మీద రెండు రౌండ్ల టీ గడిచిపోయింది. మూడో రౌండు అప్పు పెట్టనన్నాడు కోశాధికారి.

అంత రగడ అయ్యాక మనకీ ఓ కుర్ర వింగర్ లేకపోతే బాగుండదు కదా. అర్హతలు రాశాం. వయసు పద్దెనిమిది లోపు. యూట్యూబ్‌లో మూడు నిమిషాల వీడియో, వెనకాల అదిరిపోయే పాట. నేల మీద ఆడుతుంటే చూడాల్సిన పని లేదు. ధర రెండొందల క్వింటాళ్ల పసుపు, దుగ్గిరాల యార్డులో ఆ పూట పలికిన రేటు ప్రకారం. కొమ్ములా, కాయలా అని కోశాధికారి అడిగాడు. వింగర్‌కి కొమ్ములు, గోల్‌కీపర్‌కి కాయలు అని తీర్మానించాం. మధ్యలో ఏజెంటుకి కమీషన్ ఉంటుందా అన్నది తర్వాతి ప్రశ్న. అక్కడా ఉంటుందని కార్యదర్శి చెప్పాడు. సరుకు పండించినవాడికి చివర్లో ఏమన్నా మిగులుతుందా అని ఇంకొకరు. అది ఎజెండాలో లేదు.

ఇదంతా జరుగుతుండగా కొట్టు ఎదురుగా నీళ్లు నిలవని చోటు చూసుకుని బడి పిల్లలు గాలి సగం పోయిన వాలీబాల్ తన్నుకుంటున్నారు. గోలు అంటే ఒకవైపు రెండు పుస్తకాల సంచులు, రెండోవైపు రెండు ఇటుకలు. ఏడో తరగతి పిల్ల ఒకతి చున్నీ నడుముకి బిగించి, గుంట అంచునే బంతి నడిపిస్తోంది. ఒకణ్ణి కుడికి వెళ్తున్నట్టు నమ్మించి ఎడమకి లాగింది. రెండోవాడు కాలు చాపేలోపు గుంట దాటించేసింది. దాటించి, తలెత్తి చూసి, సంచుల ముందు ఖాళీగా ఉన్నవాడికి సరిగ్గా కాళ్ల దగ్గరికి పంపింది. గోలు పడింది, పిల్లలు గోలగోలగా అరిచారు. మా కార్యదర్శి పగిలిన ఫోను అద్దంలోంచి తల పైకెత్తి, "ఒసే, ఇక్కడ సెలక్షన్ జరుగుతోంది, అటుపోయి ఆడుకోండి!" అని కసిరాడు.

ఇక లేవబోతుంటే 172వ దరఖాస్తు దొరికింది. మెయిల్ కాదు, పోస్టు కార్డు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తి బడిపంతులు, హైదరాబాద్. అనుభవం: హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా తీసుకెళ్లి నాలుగో స్థానం. ప్రస్తుత చిరునామా: 1963 జూన్ నుంచి లేదు.

"స్పెయిన్‌లో చేశాడా?" అన్నారు మాస్టారు.

"లేదండీ. హైదరాబాదే."

"హైదరాబాదా? బస్సు ఛార్జీకి దొరికేవాడు మేనేజరంటే పైవాళ్లు ఏమనుకుంటారు? షావీని కాదనుకున్న ఊరు మనది."

కార్డు అడుగున ఇంకో వాక్యముంది. అమ్ముగూడలో ఓ కుర్రాడున్నాడు, ఎడమ వింగులో ఆడతాడు, ప్రాక్టీసుకి రావడానికి వాడికి సైకిల్ అద్దె ఇప్పించండి. కోశాధికారి పుస్తకం తిరగేశాడు. రెండొందల క్వింటాళ్ల పసుపుకి పద్దు ఉంది గానీ సైకిల్ అద్దెకి లేదు. దరఖాస్తు ప్రామాణికత తేలలేదని రాసి కట్టలో కలిపేశాం.

ఆ కార్డు నా కల్పనే. కార్డులోని ముక్కలు మాత్రం కల్పన కాదు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్. ఇంటి నుంచి మైదానానికి రావడానికి డబ్బుల్లేవంటే రహీమ్ సాబ్ సైకిల్ అద్దె ఇచ్చి రప్పించాడు. ఆ సైకిల్ మెల్‌బోర్న్ వెళ్లింది, 1960లో రోమ్ వెళ్లింది. అక్కడ హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టింది. ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెనైంది. జకార్తా నుంచి బంగారం తెచ్చింది. రహీమ్ ఆ బంగారాన్ని కేన్సర్‌తోనే గెలిపించాడు, ఏడాది తిరక్కుండానే పోయాడు. క్షయ సోకి బలరామ్ ఆట ముప్పై ఏళ్లు రాకముందే ముగిసింది. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూసేదాకా ఆయనకి పద్మశ్రీ ఇవ్వడానికి ఈ దేశానికి తీరలేదు. రహీమ్‌కి ఏ జాతీయ పురస్కారమూ లేదు. ఓ హిందీ సినిమా ఉంది, 2024లో వచ్చింది. ఆ టిక్కెట్టు డబ్బుల్లో పావలా వంతు ఆయన ఊరి మైదానాలకి పోయినా ఈపాటికి గడ్డి మొలిచేది.

విదేశీ మేనేజర్ తప్పని నేననను. మనోలో మార్కెజ్ స్పెయిన్‌వాడే. 2022లో హైదరాబాద్ జట్టుని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలబెట్టాడు. లిస్టన్ కొలాసో లాంటి కుర్ర వింగర్ ఆయన చేతుల్లోనే వెలుగులోకి వచ్చాడు. ఆ మనోలోనే దేశం జట్టుకి తెచ్చుకుంటే ఎనిమిది ఆటల్లో ఒక్క గెలుపు. గోల్స్ కొట్టేవాడు లేక, రిటైరైన నలభై ఏళ్ల సునీల్ ఛెత్రిని మళ్లీ పిలిపించుకోవాల్సి వచ్చింది. మనిషి మారలేదు, చేతికిచ్చిన సరుకు మారింది. 2025 జూలైలో మనం ప్రపంచంలో 133వ స్థానంలో ఉన్నాం. ఐఎస్ఎల్ ఆ నెల 11న ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడో అప్పట్లో ఎవరూ చెప్పలేకపోయారు. కప్పు గెలిచిన హైదరాబాద్ జట్టులో, రెండేళ్లు తిరక్కముందే, జీతాలందక ఆటగాళ్లు దారి చూసుకున్నారు. ఇంత జరుగుతుంటే సమాఖ్య పెద్దలు షావీ ఖరీదు గురించి మాట్లాడారు.

అదే నెల 5న థాయ్‌లాండ్‌లో మన ఆడపిల్లల జట్టు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి, క్వాలిఫయర్లు గెలిచి ఆసియా కప్‌కి చేరడం అదే మొదటిసారి అనిపించింది. ఆ జట్టుకి అప్పటి కోచ్ క్రిస్పిన్ ఛెత్రి, మన దేశం మనిషి. ఆయన్ని ఏ టీ కొట్టు దగ్గరా ఎవరూ గార్డియోలాతో పోల్చలేదు. ఆ జట్టులో వింగులో ఆడే గుగులోత్ సౌమ్యది నిజామాబాద్ జిల్లాలో ఓ తండా. అప్పుడు ఆడుతున్నది బలరామ్ ఆడిన ఈస్ట్ బెంగాల్‌కే. 2025లో సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి బిరుదు ఆమెకే ఇచ్చింది. తెలుగు నేల మీద పుట్టి, తెలుగు మాట్లాడే వింగర్. మడూకే ఏ కాలితో తంతాడో తెలిసిన మా బెంచీకి ఆమె పేరు తెలియదు. పేరు చెబితే, "ఓహో, మన పిల్లేనా" అని మళ్లీ ఫోను చూసుకున్నారు.

షావీని కొనడానికి డబ్బుల్లేవని చెప్పిన పెద్దలకి ఒక్క మాట. షావీ మిమ్మల్ని ఏమీ అడగలేదు. అడిగినవాళ్లు వేరే ఉన్నారు. బూట్లడిగారు, బస్సు ఛార్జీలడిగారు, వానకి మునగని నాలుగు గజాల నేల అడిగారు, చేసిన పనికి జీతం అడిగారు. వాళ్లకి కూడా లేవనే చెప్పారు మీరు. దానికి మాత్రం ఏ పత్రికా ప్రకటనా ఇవ్వలేదు.