ఉరుకుడు గూడ నేర్పుతున్నరట!

ఇప్పుడు ఉరుకుడు గూడ నేర్పుతున్నరట బిడ్డా. పైసలు గట్టి, ఫారం నింపి, అంగీకి నంబరు కాయితం గుచ్చుకోని నేర్సుకోవాలె. మా రోజుల్ల మాకెవరు నేర్పిండ్రు? ఆబిడ్స్ స్టాపు దాటిపోయిన డబుల్ డెక్కర్ నేర్పింది. వెనక కడ్డీ అందేదాక ఉరికితె ప్రాక్టీసు, అందితె పతకం, కండక్టర్ తిట్లు బోనస్. ప్యాలెస్ టాకీస్ కాడ టికెట్ల లైను నేర్పింది. లెక్కల సారు బెత్తం అన్నిటికంటె మంచిగ నేర్పింది. ఎందుకు ఉరుకుతున్నమో మాకు ఎరుకుండె. మీరు ఉరికి ఉరికి మళ్ల మొదలువెట్టిన తావుకే వస్తరు, ఇదేం కత?

గిట్ల అనుకుంటున్న నన్ను మా మనుమరాలు ఆగస్టుల జరిగే హైదరాబాద్ మారథాన్‌ల పది కిలోమీటర్లకు ఎక్కిచ్చింది. 2011 నుంచి నడుస్తున్నదట అది. పూరా దూరం ఉరికేటోళ్లు పీపుల్స్ ప్లాజా కాడ బయలెల్లి గచ్చిబౌలి స్టేడియం దాక పోవాలె, నడుమ ఫ్లైఓవర్లు ఎక్కుకుంట, దిగుకుంట. మా రోజుల్ల గుట్టలు దేవుడు వెట్టినవి. పైసలు వోసి గుట్టలు గట్టి, మళ్ల పైసలు గట్టి అవి ఎక్కుడేంది? ఇగ ఆ 42.195 కిలోమీటర్ల లెక్క ఇంకో విచిత్రం. 1908ల లండన్ ఒలింపిక్స్‌ల విండ్సర్ కోట కాడ మొదలువెట్టి, స్టేడియంల రాణి కూసున్న తావు ముంగట ఆపిండ్రు. 1921ల దాన్నే ఖాయం చేసిండ్రు. ఆమె ఎక్కడనో కూసుంటె గచ్చిబౌలిల మనోళ్లు మోకాళ్లు అరగదీసుకోవాల్నా! నాకు పదే గాబట్టి మాఫ్ చేసిన.

పొద్దుగాల పబ్లిక్ గార్డెన్స్‌ల నా తాలీము. బాగె ఆమ్ అనేటోళ్లం, 1846ల వెట్టిన తోట. ఇంత పాత తోటల మనుమరాలు నాకు జెప్పే పాఠమేందంటే: ఒక్క నిమిషం ఉరుకు, రెండు నిమిషాలు నడువు. మళ్ల ఉరుకు, మళ్ల నడువు. అమెరికాల జెఫ్ గాలోవే అనేటాయన 1970లల్ల ఈ పద్ధతి అందరికి అలవాటు చేసిండట. మా గల్లీ పోస్ట్‌మన్ ఎండల ఎప్పుడూ గట్లనే నడుస్తుండె, పాపం ఆయనకు పేరెవరు వెట్టిండ్రు?

మనుమరాలు చెప్పే కారణం మాత్రం ఇనాల్సిందే. కొత్తగ మొదలువెట్టినోళ్లకు గుండె, ఊపిరి కొన్ని వారాలల్లనే గాడిల వడ్తయట. స్నాయువులు, ఎముకలు మాత్రం నెలలు తీసుకుంటయి. దమ్ము వచ్చిందని ఎగిరి ఉరికితె పిక్క ముందటి బొక్క నొస్తది. అందుకే మాట్లాడుకుంట ఉరకాలెనట. మాట తెగుతున్నదంటె జోరు ఎక్కువైనట్టు. ఈ పరీక్షల నేను ఎన్నడు ఫెయిల్ గాలె. కానీ నా పక్కపొంటి ఉరికేటోళ్లు రోజుకొకరు తగ్గుతున్నరు.

బూట్ల సంగతి చెప్తె నవ్వు, ఏడుపు రెండూ వస్తయి. మాకు తెల్ల క్యాన్వాస్ బూట్లుండె. డ్రిల్లుకు ముందు రోజు రాత్రి సుద్ద పూసి, కిటికీల ఆరవెడితె పొద్దుగాలకు పెండ్లికొడుకు లెక్క మెరుస్తుండె. ఒక్క జత అన్న నుంచి తమ్మునికి, ఆని నుంచి పక్కింటోనికి. ఇప్పటివి ఏడెనిమిది వందల కిలోమీటర్లకు లోపలి నురుగు కుంగి ముసలివైతయట, పారెయ్యాలెనట. ముసలివైతె పారేసుడేంది? నాకు డెబ్బై దాటింది, నా ముంగట గిట్ల మాట్లాడొచ్చా!

బూట్లంటె యాదికొచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల మన దేశం ఫుట్‌బాల్‌ల నాలుగో తావుకొచ్చింది. కోచ్ మన హైదరాబాద్ రహీమ్ సాబే. 1948ల లండన్‌కు పోయిన జట్టుల అయితె శానమంది బూట్లే లేకుండ ఆడిండ్రు. వాళ్ల చేతికి గుండె దడ లెక్కవెట్టే గడియారం ఉండెనా? నా చేతికి ఉన్నది. రాత్రి ఎంత సేపు పన్నవో గూడ చెప్తది. మా ఆవిడ నలభై ఏండ్ల సంది ఊకెనే చెప్తుండె ఆ ముచ్చట. మధ్యాన్నం కునుకు తీసినా కనిపెడ్తది సైతాను. ఛార్జింగు మాత్రం ఒక్కపూట గూడ మర్వను.

జనవరిల నుమాయిష్ మొదలైతె నాంపల్లి రోడ్ల మీద నడుసుడే కష్టం, ఉరుకుడు మాట దేవుడెరుగు. తతిమ్మ నెలలల్ల ఐతారం నాడు పొడుగు ఉరుకుడు. గార్డెన్స్ గేటు దాటి, ఫతే మైదాన్ పక్కపొంటి పోవుడు. 1967ల లాల్ బహదూర్ శాస్త్రి పేరు వెట్టిండ్రు గని నా నోటికి ఇంక ఫతే మైదానే. ఆడికెల్లి గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్. గంత దూరమొచ్చినంక ఐతారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటయి. ఇప్పుడు అండ్ల సగం పోటీ పరీక్షల గైడ్లే. అయినా వంగి చూడకుండ పోతె ఈ ఊర్ల పుట్టి ఏం లాభం? మొన్న ఒక పాత తెలుగు నిఘంటువు దొరికింది, అట్ట లేదు. దుకాణపాయన చెప్పిన ధరకు, నేను అడిగిన ధరకు జమీన్ ఆస్మాన్ ఫరక్. బేరం తెగేదాక గడియారం ఆపి వెట్టుకున్న. లేకుంటె నా స్పీడు ఖరాబైతది కదా!